పంటు: గోదావరి చివరి రేవుల మీద మనుషులూ బండ్లూ

పంటు అంటే మనుషులనూ బండ్లనూ ఒకే దాటులో ఏరు దాటించే, అడుగు చదునుగా ఉండే ఇనుప పడవ. కోనసీమలోనూ దివిసీమలోనూ ఈ మాట పసిపిల్లలకు కూడా తెలుసు. పైన ఇనుప రేకు పరిచిన మట్టమైన తలం, పక్కల నడుమెత్తు కమ్మీలు, ఒడ్డు మీదికి వాల్చడానికి చివర పలకలు, పక్కన కట్టిన ఇంజను పడవో లోపలే బిగించిన డీజిల్ ఇంజనో: పంటు స్వరూపం ఇంతే. పాంటూన్ అన్న ఇంగ్లీషు మాటే రేవు జనం నోట నలిగి పంటు అయి ఉంటుంది. కృష్ణ ఒడ్డున, పల్నాడు వైపు, ఈ పని చేసేదాన్ని బల్లకట్టు అంటారు. అది అచ్చతెలుగు మాట. రెండు పడవలను జంటగా నిలిపి, వాటిమీద బల్లలు పరిచి మోకులతో కట్టిన రోజుల నుంచీ ఆ పేరు ఉంది. ఇప్పుడు బల్లల చోట ఇనుము వచ్చినా పేరు మారలేదు.

తెలుగు తీరం దాదాపు వెయ్యి కిలోమీటర్లు. అంత పొడవు తీరానికి ఎదురుగా, సముద్రంలో, జనం కాపురముండే పెద్ద దీవి ఒక్కటి కూడా లేదు. అందుకే ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య డోవర్, కాలే రేవుల నడుమ కార్లను, లారీలను మోసే ఓడల వంటివి మనకు పుట్టలేదు. సముద్రపు నీరు తగిలే మన దాట్లన్నీ నదుల మొగల దగ్గరే ఉన్నాయి. మొగ అంటే ఏరు కడలిలో కలిసే నోరు. అక్కడ నీరు సగం నదిది, సగం సముద్రానిది. రోజుకు రెండుసార్లు పోటు లేస్తుంది, రెండుసార్లు పాటు తీస్తుంది. వేసవిలో ఉప్పునీరు ఎగదన్నుతుంది, వానకాలంలో ఎర్రనీరు దిగదన్నుతుంది. కడలి దాటు అనదగ్గది తెలుగునేల మీద ఉందంటే అది ఈ రేవుల్లోనే ఉంది. వాటిలో రద్దీకి పేరుపడ్డది వసిష్ఠ గోదావరి మీది నర్సాపురం–సఖినేటిపల్లి రేవు.

నది చీలిన చోటు

ధవళేశ్వరం దాటగానే గోదావరి రెండుగా చీలుతుంది. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ. వసిష్ఠ నుంచి గన్నవరం దగ్గర వైనతేయ విడిపోతుంది. గౌతమి యానాం మీదుగా, వైనతేయ ఓడలరేవు పక్కగా, వసిష్ఠ అంతర్వేది దగ్గర కడలిలో కలుస్తాయి. ఈ పాయలకూ సముద్రానికీ మధ్య చిక్కిన నేలే కోనసీమ. ఎటు కదలాలన్నా నీళ్ళు దాటాల్సిన సీమ అది. అక్కడి, చుట్టుపక్కల ఊళ్ళ పేర్లు చూసినా ఆ సంగతి తెలుస్తుంది: ఓడలరేవు, తాళ్ళరేవు, ఎదుర్లంక. తాళ్ళరేవు, కోరంగి పరిసరాల్లో చెక్కపడవలు కట్టే వడ్రంగులు ఈనాటికీ ఉన్నారు.

1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టి 1852 నాటికి ముగించాడు. ఆ ఆనకట్ట డెల్టాకు నీళ్ళతోపాటు పడవ కాలువలను కూడా ఇచ్చింది. కాలువల మీద సరుకు పొడుగునా నడిచేది. పాయల మీద మాత్రం అడ్డంగా దాటడమే. ఒక్క గన్నవరం దగ్గర కాలువే నదిని దాటింది: వైనతేయ మీదుగా కాలువ నీటిని తీసుకెళ్ళే అక్విడెక్టు 1850ల్లోనే కట్టారు. ఆ తరవాత కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టడం ఎంతో సబబైన పని. లంకల గన్నవరంలో కాపురముండి, ఏ వేళప్పుడు వచ్చినవారికైనా అన్నం పెట్టిన ఇల్లాలు ఆమె. రేవు ఊరికి అన్నదాత ఎందుకు కావాలో పడవ కోసం కాసుకున్నవాడికే తెలుస్తుంది. గాలి తిరిగినా వరద వచ్చినా బాటసారి ఆ పూటకు ఒడ్డునే చిక్కుబడిపోతాడు. పూటకూళ్ళ ఇళ్ళు, సత్రాలు, అన్నదానాలు నదీతీరాల్లో అంతగా పెరగడానికి భక్తి ఎంత కారణమో ఈ నిరీక్షణా అంత కారణం.

నర్సాపురం–సఖినేటిపల్లి

నర్సాపురం వైపు రేవును మాధవాయిపాలెం రేవు అంటారు. ఆ పేరుకు పెద్ద చరిత్రే ఉంది. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీ ఇక్కడ వర్తకస్థావరం పెట్టింది. ఇక్కడి నూలుబట్ట ఊరిపేరుతోనే ఓడలెక్కి, యూరపు బజారులో మడపోలం అయింది. నర్సాపురం పరిసరాల్లో ఆ రోజుల్లో సముద్రపు ఓడలు కట్టేవారు, విదేశీ వర్తకులు కూడా కట్టించుకునేవారు. పక్కనే పాలకొల్లులో డచ్చివారుండేవారు. మొగలో ఇసుక మేటవేసి పెద్ద ఓడలకు దారి మూసుకుపోవడంతో ఆ వైభవం పోయింది. రేవు మాత్రం ఉండిపోయింది. కడలి దాటే ఓడలు పోయిన చోట ఏరు దాటే పంటు మిగిలింది.

ఇక్కడ నది దాదాపు కిలోమీటరు వెడల్పు. ఆవల సఖినేటిపల్లి, అక్కడి నుంచి రాజోలు, మలికిపురం, అంతర్వేది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మళ్ళీ విభజించాక ఈవలి ఒడ్డు భీమవరం కేంద్రంగా పశ్చిమ గోదావరి జిల్లాలో, ఆవలి ఒడ్డు అమలాపురం కేంద్రంగా డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో ఉన్నాయి. కచేరీలు, కోర్టులు వేరైనా బతుకులు వేరు కాలేదు. నర్సాపురంలో రైలు ఆగుతుంది, అక్కడితో పట్టాలు ముగుస్తాయి. సికింద్రాబాదులో రాత్రి రైలెక్కిన సఖినేటిపల్లి మనిషి తెల్లవారి నర్సాపురంలో దిగి, ఆటోలో రేవుకు వచ్చి, పంటెక్కితేగానీ ఇంటికి చేరడు. హైదరాబాదులో నేనుండే కాప్రాలో, ఆ చుట్టుపక్కల కాలనీల్లో గోదావరి జిల్లాలవాళ్ళు చాలామంది ఉన్నారు. సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చినవాళ్ళను ప్రయాణం ఎలా సాగిందని అడిగితే వందల కిలోమీటర్ల రైలు గురించి ఒక్కమాట చెప్పి ఊరుకుంటారు. కిలోమీటరు పంటు గురించి మాత్రం అరగంట చెబుతారు.

పంటు మీద ఏముంటాయని అడిగితే ఆ సీమలో పండేవీ ఆ సీమకు కావలసినవీ అన్నీ ఉంటాయి. కొబ్బరికాయల బస్తాలు, అరటిగెలలు, చేపల పెట్టెలు, పాలక్యాన్లు ఇటు వస్తాయి. సిమెంటు, మందులు, కిరాణా అటు వెళ్తాయి. నర్సాపురం లేసు అల్లికకు దారం అటు వెళ్ళి, అల్లిన లేసు ఇటు వస్తుంది. క్రోషే సూదితో ఆడవాళ్ళు ఇంటిపట్టున చేసే ఈ పని రెండు ఒడ్లకూ చెందినది. 1949లో మొదలైన నర్సాపురం వై.ఎన్. కళాశాలకు ఆవలి ఒడ్డు పిల్లలు తరాల తరబడి ఏరు దాటి వచ్చి చదువుకున్నారు. 1964 నాటి మూగమనసులు సినిమాలో కథానాయికను రోజూ కాలేజీకి పడవలో దాటించే గోపి పాత్రను తెలుగుదేశం అంతా సొంతం చేసుకుంది. గోదావరి పిల్లలకు అది సినిమా కాదు, పొద్దున ఎనిమిదింటి పడవ.

మాఘశుద్ధ దశమికి అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణం జరుగుతుంది. ఆ తీర్థం రోజుల్లో రేవు మీద ఇసుకవేస్తే రాలదు. అప్పుడు అదనంగా పంటులు తెచ్చి, మనుషులకు ఒక దారి, బండ్లకు ఒక దారి కట్టి, పోలీసులను, గజఈతగాళ్ళను పెడతారు. మిగతా ఏడాదంతా రేవును నడిపేది పంటు తోలే సరంగు అనుభవం, ఎక్కించి దించే కళాసీల చేతినేర్పు.

దాటే పని

చూసేవాడికి పంటు నడపడం తేలిక అనిపిస్తుంది. ఎదురుగా ఒడ్డు కనబడుతూనే ఉంది కదా అనుకుంటాడు. సరంగు మాత్రం ఎదుటి ఒడ్డుకు గురిపెట్టడు. నీటివాలు ఎటుంటే దానికి ఎదురుగా మూతిని కొంత తిప్పి పట్టుకుంటాడు. లెక్క చూడండి. పంటు వేగం గంటకు 8 కిలోమీటర్లు, ప్రవాహం గంటకు 4 కిలోమీటర్లు అనుకుందాం. తిన్నగా అవతలికి చేరాలంటే మూతిని 30 డిగ్రీలు ఎగువకు తిప్పాలి. అప్పుడు అడ్డంగా సాగే వేగం 7 కిలోమీటర్లకు కాస్త లోపలికి పడిపోతుంది. నిలకడ నీటిలో ఏడున్నర నిమిషాలు పట్టే కిలోమీటరు దాటు తొమ్మిది నిమిషాలకు దగ్గరవుతుంది. ప్రవాహం 8 కిలోమీటర్లయిందంటే ఆ పంటు ఎంత తిప్పినా తిన్నగా చేరలేదు, దిగువకు కొట్టుకుపోవలసిందే. వరదల్లో రేవు మూసేయడానికి మొదటి కారణం ఇదే, భయం కన్నా ముందు లెక్క. మొగకు దగ్గరి రేవుల్లో ఇంకో చిక్కుంది. పోటు వేళ నీరు వెనక్కి నడుస్తుంది. పొద్దున ఎగువకు తిప్పిన మూతిని మధ్యాహ్నం దిగువకు తిప్పాలి. గడియారం కన్నా చంద్రుణ్ణే నమ్మాలి. అమావాస్యకూ పున్నమికీ పోటు పెద్దదని సరంగుకు పంచాంగం చెప్పనక్కర్లేదు.

బరువు లెక్క దీనికన్నా ముఖ్యం. 15 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ఉన్న చదునైన పంటు మీద 10 టన్నుల బరువు పెడితే అది దాదాపు 11 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. చదును అడుగుకున్న గొప్పతనమిది: బరువు పెరిగినా లోతు పెద్దగా పెరగదు, కాబట్టి ఇసుక మేటల మీదుగా కూడా జారిపోగలదు. కానీ ఆ బరువు నడుమ ఉన్నప్పుడే ఈ లెక్క. లారీ ఒక పక్కకు నిలిస్తే ఆ పక్క అంచు నీటికి దగ్గరవుతుంది. అందుకే పెద్దబండి మొదట, మధ్యగా. ఆ తరవాత కార్లు, ఆటోలు. చివర మోటారు సైకిళ్ళు, వాటి సందుల్లో మనుషులు. కళాసీ చేత్తో చూపిన చోట బండి ఆపాలి, చక్రాల కింద చెక్కముక్క వేయాలి. ఇందులో వాదన ఉండకూడదు.

నిజానికి దాటే సమయం కన్నా ఎక్కే, దిగే సమయమే ఎక్కువ. ఆటుపోట్లకు ఒడ్డు మట్టం మారుతుంటుంది. పాటు తీసినప్పుడు పంటు ఒడ్డుకు ఎడంగా నిలిచిపోతుంది, పలక వాలు నిటారవుతుంది. బురదలో కారు చక్రం తిరుగుతూ ఉండిపోతుంది, నలుగురు వెనకనుంచి తొయ్యాలి. ప్రపంచంలో బాగా నడిచే దాట్లన్నీ ఈ ఒడ్డు పనినే ముందు బాగుచేసుకున్నాయి. డెన్మార్కు, స్వీడన్ నడుమ హెల్సింగోర్, హెల్సింగ్‌బోర్గ్ ఊళ్ళ మధ్య కడలి 4 కిలోమీటర్లు. అక్కడి ఓడ ఇరవై నిమిషాల్లో దాటుతుంది. ఒక చివర ఎక్కిన కారు వెనక్కి తిరగకుండా రెండో చివర దిగిపోతుంది. నీటిమట్టాన్ని బట్టి లేచి దిగే వంతెన పలకలు రెండు ఒడ్లనూ ఉంటాయి. మన రేవులకు కొత్త పంటు కన్నా ముందు కావలసింది అటువంటి తేలే జెట్టీ అని నా నమ్మకం. పండుముసలివాళ్ళు, నిండుచూలాళ్ళు బురదలో కాలుపెట్టకుండా ఎక్కగలగాలి.

రేవు పాట

రేవు ఎవరిది? ఇది పాత ప్రశ్న. మద్రాసు రాజధాని రోజుల్లో 1890లో కాలువలు, రేవుల చట్టం వచ్చింది. ప్రభుత్వ రేవుల్లో సుంకం వసూలు, పడవల నియంత్రణ అందులోవే. ఆంధ్ర ప్రాంతంలో ఆ చట్టం రాష్ట్రావతరణ తరవాతా కొనసాగింది. ఆచరణలో రేవును స్థానిక సంస్థలు వేలం వేస్తాయి. దాన్నే రేవు పాట అంటారు. ఎక్కువ పాడినవాడు పాటదారు. ఏడాదికో కొద్ది ఏళ్ళకో రేవు అతనిది. మనిషికింత, సైకిలుకింత, కారుకింత అని ఛార్జీల పట్టిక ఒడ్డున కట్టాలి.

పాట పెరిగితే పంచాయతీకి ఆదాయం. ఆ ఆదాయంతో వీధిదీపాలు వెలుగుతాయి, సరే. కానీ పాట సొమ్ము రాబట్టుకోవాల్సిన పాటదారు ఇంకో పది బండ్లు ఎక్కించాలని చూస్తాడు, ఇనుప రేకు మరమ్మతును వచ్చే పాటదారుకు వదిలేయాలని చూస్తాడు. ఇది ఒక మనిషి తప్పు కాదు, ఏర్పాటులోని తప్పు. రోడ్డు మీద నడవడానికి రోజూ టికెట్టు కొనని దేశంలో, ఒడ్డుదాటి బడికెళ్ళే పిల్ల మాత్రం రోజూ డబ్బు కట్టాల్సి రావడం న్యాయం కాదు. కొచ్చిలో 2023 ఏప్రిల్‌లో మొదలైన వాటర్ మెట్రో, పక్కనే ఫోర్ట్ కొచ్చి–వైపిన్ మధ్య బండ్లను మోసే రోరో పడవలు ప్రభుత్వసంస్థల చేతుల్లో నడుస్తున్నాయి. దాటును రోడ్డులో భాగంగా చూసినప్పుడు ఏం చేయవచ్చో అవి చూపుతున్నాయి.

పాత సామెత ఒకటుంది: ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య. పడవవాడి మీద లోకానికున్న కృతజ్ఞత ఎంతసేపో ఆ సామెతే చెప్పింది. సరంగులు, కళాసీలు చాలావరకు మత్స్యకార కుటుంబాలవారు. వాళ్ళ నేర్పుకు కాగితం లేదు, తండ్రి పక్కన నిలబడి నేర్చుకున్నదే. 1917 నాటి దేశీయ జలనౌకల చట్టం స్థానంలో 2021లో కొత్త చట్టం వచ్చింది. నౌకల నమోదు, తనిఖీ, నడిపేవారికి అర్హతపత్రం, ప్రాణరక్షణ సామగ్రి అన్నిటికీ దేశమంతటా ఒకే పద్ధతి ఉండాలని దాని ఉద్దేశం. ఆ అర్హతపత్రం తరతరాల సరంగును రేవునుంచి తప్పించే సాధనం కాకుండా, అతని విద్యకు గుర్తింపు కావాలి.

వరద రోజులు

ఆషాఢం దాటితే రేవు మీద అందరి చూపూ ధవళేశ్వరం వైపే. బ్యారేజీ దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలైతే రెండోది, 17 లక్షలైతే మూడోది. 1986 ఆగస్టులో దాదాపు 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. ఆ వరదను చూసినవాళ్ళు తరవాతి ప్రతి వరదనూ దానితోనే పోల్చుకుంటారు. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. హెచ్చరిక రాకముందే, నీరు ఎర్రబారి చెట్లూ తుంగా కొట్టుకురావడం మొదలవగానే పంటులను ఒడ్డుకు లాగి మోకులతో బిగిస్తారు. అప్పుడు నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి పాలకొల్లు, చించినాడ వంతెన, దిండి, రాజోలు మీదుగా ముప్పై కిలోమీటర్లకు పైబడిన చుట్టుదారి. కంటికి కనబడే ఊరికి గంటకు పైగా ప్రయాణం. ఒడ్డున ఉన్న తల్లి ఆవల ఆసుపత్రిలో ఉన్న కూతుర్ని చూడడానికి ఆ చుట్టు తిరిగేటప్పుడు నది ఎంత వెడల్పో తెలిసివస్తుంది.

నది నడుమ ఉన్న లంక గ్రామాల పరిస్థితి ఇంకా కష్టం. చుట్టుదారి కూడా లేని చోట్లవి. వరద రోజుల్లో వాళ్ళకు నాటుపడవే అంబులెన్సు, అదే రేషను బండి.

మిగతా రేవులు

గౌతమి మీద కోటిపల్లి–ముక్తేశ్వరం రేవు కూడా పాతదే. ఈవల సోమేశ్వరస్వామి గుడి, ఆవల ముక్తేశ్వరం. కాకినాడ వైపు నుంచి అమలాపురం వెళ్ళేవారికి దగ్గరిదారి. దిగువన యానాం–ఎదుర్లంక రేవు ఒకప్పుడు ఇంతకన్నా రద్దీగా ఉండేది. అక్కడ వంతెన వచ్చి, దానికి లోక్‌సభ స్పీకరుగా ఉంటూ 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టాక పంటు అవసరం తీరింది. కృష్ణ మొగ దగ్గర దివిసీమలో ఏటిమొగ–ఎదురుమొండి పంటు ఉంది. ఎదురుమొండి నిజంగా దీవి, పంటు ఆగితే ఊరు ఆగినట్టే.

కృష్ణ మీద ఎగువకు వెళితే బల్లకట్లు. పల్నాడు వైపు మాదిపాడుకూ ఆవలి ముక్త్యాలకూ మధ్య, తంగెడకూ తెలంగాణలోని మట్టపల్లికీ మధ్య బల్లకట్లు పేరుపడ్డాయి. 2014లో రాష్ట్రం రెండయ్యాక తంగెడ–మట్టపల్లి వంటివి అంతర్రాష్ట్ర దాట్లయ్యాయి. మట్టపల్లి నరసింహస్వామి దర్శనానికి వెళ్ళే భక్తుడికి మాత్రం అది అదే ఏరు. ఇంకా పైన, నారాయణపేట జిల్లా పంచదేవపాడు దగ్గర కురువపురం దత్తక్షేత్రానికి పుట్టిలో వెళ్ళేవారు. పుట్టి అంటే వెదురుతో గుండ్రంగా అల్లి, నీళ్ళు చొరకుండా పైన తోలో తారుబట్టో కప్పిన బుట్టపడవ. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ తుంగభద్ర మీద ఇటువంటి బుట్టపడవలను చూసి రాశాడు, వాటిలో మనుషులతోపాటు గుర్రాలు, ఎద్దులు కూడా దాటేవని. పంటుకు ముత్తాత పుట్టే.

మునిగిన పడవలు

జంటనగరాలవారికి పంటు పాఠం హుస్సేన్‌సాగర్‌లోనే జరిగింది. మా కాప్రా నుంచి భువనగిరి దారిన వెళితే వచ్చే రాయగిరిలో చెక్కిన ఏకశిలా బుద్ధ విగ్రహాన్ని, మూడు వందల టన్నులకు పైబడిన బరువును, 1990 మార్చి 10న బల్లకట్టు లాంటి నౌక మీద చెరువు నడుమకు తీసుకెళ్తుండగా అది ఒరిగి విగ్రహం నీటిలో పడింది. పనిలో ఉన్నవాళ్ళు కొందరు ప్రాణాలు కోల్పోయారు. 1992 డిసెంబరులో విగ్రహాన్ని పైకితీసి నిలబెట్టారు. అలలు లేని చెరువు, అందరి కళ్ళ ముందూ ఉన్న ఒడ్డు. అయినా ఎత్తులో ఉన్న బరువు కాస్త కదిలితే చదును నౌక ఎంత త్వరగా ఒరుగుతుందో ఆ రోజు తెలిసింది.

2007 జనవరిలో శ్రీశైలం వెనుకజలాల్లో సోమశిలకు ఎదురుగా మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మంది దాకా పోయారు. అక్కడ వంతెన కావాలన్న కోరిక ఆనాటి నుంచే గట్టిపడింది, 2022లో జాతీయ రహదారి మీద సోమశిల–సిద్ధేశ్వరం వంతెనకు ఆమోదం వచ్చింది. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర, 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం ఎగువన కచ్చులూరు దగ్గర మునిగినవి విహారపడవలు, రేవుపంటులు కావు. కానీ కారణాలు రేవుకూ వర్తిస్తాయి: అనుమతి లేకపోవడం, మోతాదుకు మించిన జనం, వరదలో సాహసం, ఒంటిమీద లేని లైఫ్‌జాకెట్టు. కచ్చులూరు తరవాత నదుల వెంబడి పడవల కంట్రోలు రూములు పెట్టారు.

కార్లను మోసే ఓడలకు మరో ప్రమాదం ఉంది. 1987 మార్చి 6న బెల్జియం రేవు జీబ్రుగ్గె నుంచి డోవర్‌కు బయలుదేరిన హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ ముందు తలుపు మూయకుండానే కదిలింది. కార్ల అంతస్తులోకి నీరు చొచ్చుకొచ్చి, ఒక పక్కకు పారి, నిమిషాల మీద ఓడ పడిపోయింది. 193 మంది చనిపోయారు. అడ్డుగోడల్లేని విశాలమైన తలం మీద చేరిన నీరు ఏ పక్కకు వాలితే ఆ పక్కకే బరువవుతుంది. మన పంటు తలం పైకి తెరిచే ఉంటుంది, పడిన నీరు పక్కలనుంచి జారిపోతుంది, ఆ మేరకు మేలు. దాని అపాయాలు వేరు. బ్రేకు వేయని బండి జారిపోవడం, ఒడ్డు చేరకముందే జనమంతా దిగే వైపు గుమిగూడడం, ఉప్పునీటికి తుప్పుపట్టిన అడుగురేకు, పాటులో ఇంజను ఆగి పంటు మొగవైపు కొట్టుకుపోవడం. ఈ చివరిదానికి లంగరు, రెండో ఇంజను తప్ప మందు లేదు. రెండూ ఉన్నాయో లేదో చూడకుండా ఏ పంటునూ కదలనివ్వకూడదు.

వంతెనలు

రాజమండ్రి దగ్గర గోదావరి దాటు చరిత్రే వంతెనల చరిత్ర. 1897లో పని మొదలై 1900లో రైళ్ళు నడిచిన హేవ్‌లాక్ వంతెనకు ముందు, కొవ్వూరులో రైలు దిగి, నది దాటి, మళ్ళీ రైలెక్కేవారు. ఆ వంతెన వచ్చాక రైలు దాటింది, కారు దాటలేదు. రోడ్డు బండ్లకు వంతెన 1974లో రోడ్డు–రైలు వంతెనతోనే వచ్చింది. ముప్పావు శతాబ్దం పాటు పక్కనే రైలు పోతుండగా బండ్లు నీళ్ళ మీదే దాటాయి.

నర్సాపురం–సఖినేటిపల్లి మధ్య వసిష్ఠ వారధి అన్న పేరు ఆ చుట్టుపక్కల ప్రతి ఇంట్లో వినబడుతుంది. శంకుస్థాపన ఒకటికి రెండుసార్లు జరిగింది. వంతెన రాబోతోందన్న మాట రేవుకు చేసిన కీడు ఒకటుంది: ఎలాగూ వంతెన వస్తుంది కదా అని జెట్టీ కట్టరు, వేచి ఉండేవారికి నీడ వేయరు, మరుగుదొడ్డి పెట్టరు. అలా దశాబ్దాలు గడిచాయి. తాత్కాలికమని పేరుపెట్టిన సదుపాయంలో మూడు తరాలు ప్రయాణించాయి. బంగ్లాదేశ్‌లో పద్మానది మీద 6 కిలోమీటర్లకు పైబడిన వంతెన 2022 జూన్‌లో తెరిచేదాకా మావా రేవులో పడవలే ఆ దేశపు దక్షిణ జిల్లాలను రాజధానితో కలిపాయి. అక్కడ రేవును రహదారిలో భాగంగానే నడిపారు. వంతెన రావాలి, తప్పక రావాలి. అది వచ్చేదాకా రేవు మీద ఖర్చుపెట్టడం వృథా కాదు.

ఇంజన్లు కూడా మారుతున్నాయి. నార్వేలో 2015లో ఆంపియర్ అనే కార్ల ఓడ పూర్తిగా బ్యాటరీ మీద నడవడం మొదలుపెట్టింది. ఆగిన ప్రతిసారీ ఒడ్డున ఛార్జింగు. దగ్గరి దాట్లకే ఈ పద్ధతి బాగా సరిపోతుంది: దూరం తక్కువ, దారి ఒకటే, ఆగే చోటు రెండే. కిలోమీటరు దాటే పంటుకు ఇంతకన్నా అనువైనది లేదు. డీజిల్ పొగ లేకుండా, చప్పుడు లేకుండా వసిష్ఠ దాటే పంటును ఊహించుకుంటే మనసు నిండుతుంది.

రైలు సంగతి చివరికి మిగిలింది. కాకినాడ–కోటిపల్లి లైను 1928లో వేశారు, రెండో ప్రపంచయుద్ధ కాలంలో పట్టాలు పీకి తీసుకెళ్ళారు, 2004లో మళ్ళీ రైలు నడిపారు. అటు పట్టాలు కోటిపల్లిలో ఆగాయి, ఇటు నర్సాపురంలో ఆగాయి. నడుమ 57 కిలోమీటర్లు, మూడు పాయలు. ఆ లైను మంజూరై రెండు దశాబ్దాలు దాటింది. కోటిపల్లి దగ్గర గౌతమిలో రైలు వంతెన స్తంభాలు లేచాయి. అదే గౌతమి మీద పంటు మోటారు సైకిళ్ళతో, కొబ్బరి బస్తాలతో, బడిపిల్లలతో ముక్తేశ్వరం వెళ్తూనే ఉంది.